పాఠం ఎక్కడ ఆగిందో తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచా తాలూకా. ఇంట్లో తెలుగు, చదువంతా మరాఠీలో సాగింది. డి.ఎడ్. పూర్తి చేసి, కిందటేడు మా తాలూకాలోనే ఒక జిల్లా పరిషత్ ప్రాథమిక శాలలో శిక్షణ సేవక్‌గా, అంటే ప్రొబేషన్ మీద ఉన్న టీచరుగా, చేరాను. ఒకటి నుంచి నాలుగు వరకు తరగతులున్నాయి, ఉన్నది ఇద్దరం టీచర్లం. పిల్లల్లో ఎక్కువమంది తెలుగువాళ్లు, కొందరు గోండి మాట్లాడేవాళ్లు, పుస్తకాలు మాత్రం మరాఠీ. ఈ మధ్య ఒక శిక్షణ శిబిరంలో ఆధునిక ఉపాధ్యాయునికి ఉండవలసిన లక్షణాలంటూ పెద్ద జాబితా ఇచ్చారు. సాంకేతిక పరిజ్ఞానం, సృజనాత్మకత, ఓర్పు, నాయకత్వం అంటూ అది రెండు పేజీలుంది. అందుకోసం రాత్రిళ్లు కూర్చుని ఫోనులో వీడియోలు తయారు చేస్తున్నాను. బడిలో టీవీ ఉంది కాని సిగ్నల్ ఉండదు. మూడో తరగతి పిల్లలు ఇప్పటికీ 52లోంచి 27 తీసివేయమంటే 35 అని రాస్తున్నారు. మా ముఖ్యాధ్యాపక్ గారు ‘ఇవన్నీ వద్దు, పాఢే (ఎక్కాలు) బట్టీ పట్టించు, కాస్త భయం పెట్టు’ అంటారు. తెలుగులో వివరిస్తే తల్లిదండ్రులు ‘మరాఠీ వస్తుందనే కదా పంపింది’ అంటున్నారు. మిరప కోతలకు వెళ్లే కుటుంబాల పిల్లలు నడుమ కొన్ని వారాలు కనబడనే కనబడరు. మంచి టీచరుకు కావలసిన లక్షణాలు నాలో ఉన్నాయా అన్న అనుమానం పట్టుకుంది. ఏం చేయమంటారు?
— ఒక టీచరు, సిరొంచా తాలూకా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ రెండు పేజీల జాబితా కాదు, 35 అన్న ఒక్క అంకె. మీ పిల్లలు తప్పు చేస్తున్నారని మాత్రమే రాసి ఊరుకోకుండా, ఏ తప్పు చేస్తున్నారో రాశారు. ఉపాధ్యాయ వృత్తిలో పనికొచ్చే గుణాలన్నీ చివరికి ఈ ఒక్క అలవాటు మీద ఆధారపడి ఉంటాయని నా నమ్మకం. పిల్లవాడికి పాఠం ఏ చోట ఆగిపోయిందో ఆ పూటే కనిపెట్టి, మర్నాటి పాఠాన్ని దానికి తగ్గట్టు మార్చుకోవడమే ఆ అలవాటు. ఓర్పు, సృజన, నాయకత్వం అంటూ జాబితాలు రాసేవారు చెప్పేవి మంచి మాటలే కాని, సోమవారం ఉదయం హజేరీ తీసుకున్న తర్వాత ఏం చేయాలో అవి చెప్పవు. నేను నాందేడ్ జిల్లా సరిహద్దులో, మరాఠీ బడిలో తెలుగు పిల్లలకు లెక్కలు చెబుతూ ఉద్యోగ జీవితం గడిపినవాణ్ణి కనుక, ఆ అంకె దగ్గరే మొదలుపెడతాను.

52లోంచి 27 తీసివేస్తే 35 వచ్చిందన్న పిల్లవాడు అజాగ్రత్తగా లేడు, అతను ఒక నియమాన్ని శ్రద్ధగా పాటిస్తున్నాడు. ఒకట్ల స్థానంలో 2, 7 కనబడ్డాయి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసివేయాలని ఒకటో తరగతిలో మనమే నేర్పాము కనుక 7లోంచి 2 తీసి 5 వేశాడు. పదుల స్థానంలో 5లోంచి 2 పోతే 3. అతని లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు, నియమమే తప్పు. అదే లెక్కకు మరొకరు 26 రాస్తే, ఆ బిడ్డకు హాత్చా (పదుల నుంచి అప్పు తెచ్చుకోవడం) తెలుసు, వేళ్ల మీద లెక్కపెట్టడంలో ఒకటి జారింది. 79 రాసినవాడు గుర్తు చూడకుండా కూడాడు. ఈ ముగ్గురి నోటుపుస్తకాల మీదా ఒకే ఎర్ర గీత కొట్టి, ముగ్గురికీ కలిపి ఒకే పాఠం మళ్లీ చెబితే, మొదటివాడికి ఏమీ ఒరగదు. అతనికి కావలసింది పదిని విప్పి ఒకట్లుగా మార్చడం కళ్లారా చూడటం. మీ ప్రాంతంలో ఎండాకాలం వస్తే తునికాకు కోసి కట్టలు కట్టని ఇల్లు అరుదు. కట్ట విప్పకుండా అందులోంచి ఏడు ఆకులు లాగలేమన్న సంగతి ఆ పిల్లలకు మీరు చెప్పనక్కరలేదు. పుల్లలను పదేసి చొప్పున కట్టించి, ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ చేతికిచ్చి, ఇరవై ఏడు నాకివ్వమని అడగండి. ఒక కట్ట విప్పక తప్పదని పిల్లవాడే తేల్చుకున్నాక, ఆ విప్పడాన్నే ఫళా (నల్లబల్ల) మీద ఎలా రాయాలో చూపండి. హాత్చా అన్న మాట అప్పుడు రావాలి, అంతకు ముందు కాదు.

ఇదే లెక్కను మీరు నోటితో చెప్పి రాయించి చూడండి. అప్పుడు ఇంకో సంగతి బయటపడుతుంది. తెలుగులో ఇరవై ఏడు అంటే చెవికి ముందు ఇరవై, తర్వాత ఏడు వినబడతాయి, రాసే వరుసా అదే. మరాఠీలో సత్తావీస్ అన్నప్పుడు ఏడు ముందు వచ్చి ఇరవై వెనక వస్తుంది. విన్న వరుసలోనే రాసే తెలుగు పిల్లవాడు 72 రాస్తాడు. ఏకోణతీస్ (29) ఇంకా చిక్కు, ఎందుకంటే ముప్పైకి ఒకటి తక్కువ అన్న తీసివేత ఆ మాటలోనే దాగి ఉంది, పిల్లవాడి చెవిన పడేది మాత్రం తీస్ (ముప్పై), దాంతో 39 అనో 31 అనో వేస్తాడు. మన తెలుగులోనూ పదకొండు నుంచి పంతొమ్మిది దాకా ఉన్న మాటలు తిన్ననివేమీ కావు, కాని ఇరవై దాటాక దారి సాఫీగా ఉంటుంది. మరాఠీలో ఆ మెలికలు వంద దాకా సాగుతాయి. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి రెండో తరగతి గణిత పుస్తకంలో ఏక్‌వీస్‌ను ‘వీస్ ఏక్’ (ఇరవై ఒకటి) అని కూడా చదివించే పద్ధతి ప్రవేశపెట్టినప్పుడు రాష్ట్రమంతటా ఎంత దుమారం రేగిందో మీకు గుర్తుండే ఉంటుంది. గణిత సమితికి నాయకత్వం వహించిన మంగళా నార్లీకర్ ఆ మార్పును గట్టిగా సమర్థించారు, శాసనసభలో మాత్రం అది పరిహాసానికి సరుకైంది. పరిహాసం చేసినవారి ఇళ్లలో తెలుగో గోండో మాట్లాడే రెండో తరగతి పిల్లలు ఉండి ఉండరు.

కనుక నోటితో చెప్పినప్పుడు 72 రాసిన పిల్లవాణ్ణి పక్కకు పిలిచి, ‘ఇరవై ఏడు’ అని తెలుగులో చెప్పి రాయించండి. సరిగ్గా రాస్తే అతనికి స్థానవిలువ తెలుసు, తెలియనిది మరాఠీ సంఖ్యల పేర్లు మాత్రమే. దానికి పుల్లలతో పని లేదు, రోజూ ఐదు నిమిషాలు సంఖ్య చూపించి పేరు పలికించడం, పేరు పలికి సంఖ్య రాయించడం చాలు. తెలుగులో చెప్పినా తప్పు రాస్తే అప్పుడు పుల్లల దగ్గరకు వెళ్లాలి. ఇట్లా రెండు నిమిషాల్లో తేలిపోయే విషయాన్ని తేల్చకుండా ‘వీడికి లెక్కలు రావు’ అని నాలుగేళ్లు అనుకుంటూ పోయిన బడులు మన సరిహద్దు తాలూకాలలో తక్కువేమీ కాదు.

తెలుగులో చెప్పడం మీద తల్లిదండ్రుల అభ్యంతరానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. వారి కోరిక న్యాయమైనదే. మరాఠీ రాకపోతే ఆ పిల్లలకు పై చదువూ లేదు, గడ్చిరోలి కచేరీలో ఒక అర్జీ పెట్టుకునే వీలూ లేదు. అయితే తెలుగును ఆసరాగా చేసుకోవడం మరాఠీని ఆలస్యం చేయదని వారికి చూపాలి, వాదించి లాభం లేదు. నెలకొకసారి ఒక సాయంత్రం తల్లిదండ్రులను పిలిచి, వారి పిల్లల చేతనే బాలభారతిలోని ఒక పేరా మరాఠీలో చదివించి, దాని భావం తెలుగులో చెప్పించండి. చదివినదాన్ని తన బిడ్డ ఇంటి మాటలో వివరిస్తుంటే విన్న తల్లి మళ్లీ ఆ ప్రశ్న అడగదు. పైఅధికారులెవరైనా ఆక్షేపిస్తే మాత్రం చట్టం మీ పక్షాన ఉన్నదని గుర్తుంచుకోండి. భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచి చెబుతోంది, వీలైనంతవరకు పిల్లల మాతృభాషలోనే బోధన ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. ఆ ‘వీలైనంతవరకు’ అన్నది మీ తరగతి గదిలో మీరే.

అయితే మీ ఉత్తరంలో గోండి పిల్లల ప్రస్తావన ఒక్క ముక్కలో ముగిసిపోయింది. తెలుగు వంతెన వారికి పనికిరాదు, వారికి అది మరో పరాయి భాష. ఇద్దరు పిల్లలు వెనక వరుసలో మౌనంగా కూర్చుని, అందరితో పాటు పెదవులు కదుపుతూ ఉంటే, క్రమశిక్షణ కలిగిన పిల్లలని మనం మురిసిపోతాము. షోలాపూర్ జిల్లా పరితేవాడి జిల్లా పరిషత్ బడిలో పనిచేసిన రణజిత్‌సింహ్ డిసలే 2020లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ కింద పది లక్షల డాలర్లు గెలుచుకుని, అందులో సగాన్ని తుది జాబితాలోని మిగిలిన తొమ్మండుగురికి పంచారని మీరు శిక్షణ శిబిరంలో వినే ఉంటారు. ఆయన పేరు చెప్పగానే అందరూ పాఠ్యపుస్తకాల మీది క్యూఆర్ కోడ్‌ల గురించే మాట్లాడతారు. ఆ ఊరికి చేరినప్పుడు పిల్లల ఇంటి భాష కన్నడమని, పుస్తకాలు వారికి అర్థం కావడం లేదని గుర్తించి, ఆయన కన్నడం నేర్చుకున్న సంగతి మాత్రం తక్కువమంది తలచుకుంటారు. క్యూఆర్ కోడ్ ఆ తర్వాతి పని. మీరు గోండిలో పండితులు కానక్కరలేదు. తినడం, నొప్పి, భయం, అర్థమైందా, మళ్లీ చెప్పు, ఇటు రా వంటి మాటలు కొన్ని, పది వరకు అంకెలు నాలుగో తరగతి గోండి పిల్లలను అడిగి ఒక నోటుపుస్తకంలో తెలుగు లిపిలో రాసుకోండి. టీచరు తమ దగ్గర నేర్చుకుంటున్నదని, పలకడంలో తప్పులు కూడా పోతున్నదని చూసిన పిల్లలకు నోరు తెరవడానికి అంతకు మించిన ధైర్యం అక్కరలేదు.

నోరు తెరవడం గురించి ఇంకొక్క మాట. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల రికార్డింగులు విని, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను మాత్రమేనని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవవుతాయని, చెప్పే పిల్లల సంఖ్య కూడా పెరుగుతుందని గమనించారు. తెలుగులో విని, మరాఠీలో వెతుక్కుని, మళ్లీ కూర్చుకుని చెప్పవలసిన మీ పిల్లలకు మూడు సెకన్లు కూడా చాలవు. ప్రశ్న అడిగి, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకుని, చెయ్యెత్తిన మొదటి పిల్లవాణ్ణి కాక మీరు ఎంచుకున్న పిల్లవాణ్ణి అడగండి. మొదట్లో ఆ నిశ్శబ్దం టీచరుకే ఇబ్బందిగా ఉంటుంది, మూణ్ణాలుగు వారాలకు అలవాటవుతుంది. పిల్లలందరికీ పలకలున్నాయి కదా, జవాబు రాసి ఒక్కసారిగా పైకెత్తి చూపమంటే, ఎవరి పలక మీద 35 ఉందో ఎవరి మీద 25 ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. లండన్‌లోని కింగ్స్ కాలేజీకి చెందిన పాల్ బ్లాక్, డిలన్ విలియమ్ 1998లో సుమారు రెండు వందల యాభై అధ్యయనాలను పరిశీలించి, బోధన సాగుతుండగానే పిల్లల అవగాహనను ఇలా కనిపెట్టి పాఠాన్ని సవరించుకునే పద్ధతి ఫలితాలను గణనీయంగా మెరుగుపరుస్తుందని, వెనుకబడిన పిల్లలకు ఇంకా ఎక్కువ మేలు చేస్తుందని రాశారు. దానికి ఖర్చు ఒక పలక, ఒక బలపం.

ముఖ్యాధ్యాపక్ గారి మాటలో సగం ఒప్పుకోమని మీకు నా సలహా. పాఢే కంఠతా రావాలి. ఏడు ఎనిమిదులు ఎంతో ప్రతిసారీ వేళ్ల మీద వెతుక్కునే పిల్లవాడికి భాగహారం మెట్లు గుర్తుపెట్టుకోవడానికి మనసులో చోటు మిగలదు. బట్టీ అంటేనే నేరమన్నట్టు మాట్లాడే కొత్త బోధన నాకు నచ్చదు. అయితే ఒక చిన్న మార్పు చేసుకోవచ్చు. అందరూ కలిసి రాగం తీయడం కంటే, ఒక్కొక్కరినీ మధ్యలోంచి అడగడం మేలు. చదివినదాన్నే మళ్లీ మళ్లీ చదవడం కన్నా, పుస్తకం మూసి జ్ఞాపకం తెచ్చుకునే ప్రయత్నం చేస్తేనే వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు జరిపిన ప్రయోగాలు చూపాయి. ‘సర్, పాఢే రోజూ చెప్పిస్తాను, అప్పజెప్పించే బాధ్యత మీరు తీసుకోండి’ అని ఆయననే అడగండి. పెద్దవారు తమకు వచ్చిన పనిలో సాయం చేయడానికి వెనకాడరు, మీకూ రోజులో కొంత సమయం మిగులుతుంది. ఇక భయం పెట్టడం సంగతి వేరు. శారీరక శిక్షను, మానసిక వేధింపును విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది కనుక అక్కడ సగం ఒప్పుకోవడం లేదు, బెత్తం ఎవరి చేతిలో ఉన్నా సరే. పైగా భయపడే పిల్లవాడు తప్పు చూపించడు, పక్కవాడి పలక చూసి రాస్తాడు, అప్పుడు మీకు 35 కనబడనే కనబడదు.

వీడియోల కోసం రాత్రిళ్లు మేలుకోవడం మానేయండి. మీరు చెబుతున్న తీసివేతల మీద, కూడికల మీద దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో పాఠాలు ఎన్నో ఉన్నాయి. సిగ్నల్ దొరికే చోట దించుకుని పెన్‌డ్రైవ్‌లో టీవీకి ఎక్కిస్తే సరిపోతుంది. టీవీని పిల్లలు తమంతట చూడలేనివాటికి వాడండి. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు వారికి నడక దూరంలో ఉంటే దాన్ని తెరమీద చూపనక్కరలేదు, సముద్రం చూపండి. ఫోనుకు మాత్రం ఒక మంచి పని ఉంది. ప్రతి పిల్లవాడూ ఒక పేరా చదువుతుంటే అర నిమిషం రికార్డు చేసి దాచండి, రెండు నెలల తర్వాత మళ్లీ చేయండి. రెండూ పక్కపక్కన వింటే మీకు తెలిసేది ఏ శిబిరంలోనూ తెలియదు, తల్లిదండ్రులకు వినిపించడానికి కూడా అంతకంటే మంచి నివేదిక ఉండదు.

నాలుగు తరగతులకు ఇద్దరే టీచర్లున్నప్పుడు తరగతుల వారీగా చెప్పడం ఎటూ కుదరదు. రోజులో ఒక గంట, తరగతి గోడలు పక్కనపెట్టి, చదవగలిగిన మెట్టును బట్టి పిల్లలను గుంపులు చేయండి. పిల్లల చదువు స్థాయిని ఇంటింటా పరీక్షిస్తూ 2005 నుంచి వస్తున్న అసర్ సర్వేలో ఒక్కొక్క పిల్లవాడిచేత విడిగా అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ చదివించి చూస్తారు కదా, అదే వరుస మీకూ సరిపోతుంది. నాలుగో తరగతిలో ఉండి పదాల దగ్గర ఆగిన పిల్లవాడు రెండో తరగతి పిల్లలతో కలిసి కూర్చోవడానికి మొదట చిన్నబుచ్చుకుంటాడు. ఆ గుంపుకు పలకలు పంచే పెద్దరికం అతనికిస్తే సర్దుకుంటాడు. గుంపులను నెలకొకసారి మార్చాలి, మార్చకపోతే అవే కొత్త తరగతులై కూర్చుంటాయి.

మిరప కోతలకు నది దాటి తెలంగాణ వైపు వెళ్లే పిల్లల విషయంలో మీరు చేయగలిగింది కొంతే, చేయవలసింది మాత్రం వారు వెళ్లకముందే చేయాలి. సాధారణంగా ఏ కుటుంబాలు ఎప్పుడు బయలుదేరతాయో ఊళ్లో అందరికీ తెలిసే ఉంటుంది. ఆ పిల్లలకు ఒక్కొక్కరికి ఒక కాగితం సిద్ధం చేయండి. పేరు, తరగతి, చదవడంలో ఏ మెట్టు, లెక్కల్లో ఏది వచ్చు, ఏది సగంలో ఉంది అన్నవి నాలుగైదు పంక్తుల్లో, ఒక వైపు మరాఠీలో, రెండో వైపు తెలుగులో రాయండి. వెళ్లిన ఊళ్లో బడి దగ్గరలో ఉంటే అక్కడి టీచరుకు చూపమని తల్లికి చెప్పండి. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవడం ఆ బడి బాధ్యతని విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది కనుక, కాగితం మీ సంతకంతో, శాల ముద్రతో ఉంటే పని సులువవుతుంది. బడి దొరకని పిల్లలు తిరిగొచ్చిన రోజున ఆ కాగితమే తీసి, అందులో రాసినవన్నీ మళ్లీ అడిగి చూసి, జారిపోయిన చోటి నుంచి మొదలుపెట్టండి. వారు లేని రోజుల్లో జరిగిన పాఠాలు ఒక్కసారిగా కుక్కవద్దు.

మీలో లక్షణాలున్నాయా అని అడిగారు. ఈ నెలాఖరుకు కేంద్ర స్థాయిలో, చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే శిక్షణ పరిషద్ ఉంటుంది కదా, మూడో తరగతి పిల్లల తీసివేతల పలకల్లో కనబడిన తప్పులను మూడు నాలుగు రకాలుగా విడదీసి అక్కడ చూపించి, ఒక్కో రకానికి మీరేం చేశారో చెప్పండి. తక్కిన శాలల టీచర్లు తమ పిల్లల తప్పులను కూడా తెస్తారు. వాటిలో ఏవి తెలుగు పిల్లలవి, ఏవి గోండి పిల్లలవి, ఏవి ఇంట్లో మరాఠీ మాట్లాడే పిల్లలవి అని విడిగా రాసుకుని నాకు పంపితే, తర్వాతి సంచికలో సంఖ్యల పేర్ల చిక్కు గురించి ఇంకా వివరంగా రాస్తాను.